పసుపు రాసిన రాగిపుల్ల

ఆదినారాయణ వెలిగించిన దీపం ఆరిపోగా చూసినవాళ్లు ఆ చెరకుతోటల దీవిలో, నువెల్ ఫ్రాన్స్ ఊళ్లో లేరు. ఊళ్లో రేకులన్నీ ఎగరేసుకుపోయిన పెద్ద తుఫాను కూడా ఆయన రామభజన దీపం దగ్గరకొచ్చి, తల వంచుకుని పక్కదారిన పోయింది.

అలాంటివాడికి, దీవికి స్వాతంత్ర్యం వచ్చే ముందటి ఏడు, అక్కడ చలికాలమైన జూలైలో, కొడుకు గోడకు బిగించిన షోఫ్‌బేన్ లొంగలేదు. నీళ్లు కాచే ఆ గాస్ డబ్బాలో మల్లెమొగ్గంత నీలిమంట ఎప్పుడూ వెలుగుతుండాలి. ఆయన వెలిగిస్తున్నాడు, అది పోతోంది.

ఆ రోజు కోడలు కన్నమ్మకు పురుటిస్నానం. ముసురుకు కట్టెలన్నీ నానిపోయాయి. నలుగు పెట్టించుకున్న బాలింత తలుపవతల వణుకుతోంది.

"చన్నీళ్లే పోసుకుంటాలే మామయ్యా."

"పోసుకో, రేపు జ్వరానికి కషాయం నేను కాస్తాను," అంది అత్త అంకమ్మ. "ఆ కషాయానికైనా నిప్పు రాజేస్తావా అయ్యా, తుఫాన్లను తరిమినవాడా?"

చక్కెర మిల్లులో బాయిలర్ చూసే బావమరిది రామలు వచ్చాడు.

"బోన్, సరే బావా, మీట నొక్కిపట్టి వెలిగించు. కాసేపుండు. ఇప్పుడొదులు."

వదలగానే మంట పోయింది.

"నొక్కినంతసేపూ నిలిచింది, అంటే గాస్ వస్తోంది. మంట పక్కన ఆ రాగిపుల్ల చూశావా? దానికి వేడి తెలిస్తేనే గాస్ దారి తెరుచుకుని ఉంటుంది. మంట ఆరితే అదే మూసేస్తుంది, ఇల్లు గాస్‌తో నిండకుండా."

గాస్ కట్టేసి, చల్లారనిచ్చి గీకి చూశాడు. నల్లటి పెచ్చు లేచింది. దాని కింద పసుపు.

"ఆలాలా, ఇదేమిటి బావా?"

"శుక్రవారం బొట్టు. ఆరకూడని మంట దీపం కాదా ఏం? మంటకు పెడితే చెయ్యి కాలుతుంది, అందుకని పుల్లకు పెట్టాను."

"నూనెలో కలిపా?"

"మరి పొడి అంటుకోదు కదరా."

రామలు నవ్వు ఆపుకుంటూ గరుకు కాగితంతో పుల్ల తోమాడు. ఈసారి మీట వదిలినా మంట కదలలేదు.

ఆదినారాయణ వంగి ఆ పుల్లనే చూశాడు. భజన నాడు దీపానికి నలుగురు కాపలా. అయినా అది ఆరుతూనే ఉండేది, ఎవరూ చూడకుండా వెలిగించడానికి ఆయన పంచెమడతలో అగ్గిపెట్టె ఉండేది. తుఫాను నాడైతే అసలు వెలిగించనేలేదు, మంచం కింద దూరాడు. ఇక్కడ వేలెడంత పుల్ల, ఒక్కటే, రెప్ప వేయకుండా కాపలా కాస్తోంది.

"దీనికి నిద్ర రాదురా?"

"రాదు బావా. నీ పసుపు కింద స్పృహ తప్పిందంతే."

కుళాయి తిప్పగానే ఆ మొగ్గ నుంచి మంటల వరుస గుప్పున విచ్చుకుంది. ఆవిరి తలుపు దాటింది. "చాలు అత్తయ్యా, వేడిగా ఉన్నాయి," అంటున్న కన్నమ్మ గొంతులో వణుకు లేదు. ఆదినారాయణ తడినేల మీదే ఆ డబ్బాకు సాష్టాంగపడ్డాడు.

సాష్టాంగం మాత్రం కథ చెబుతున్న నేను కల్పించాను. చేతులు జోడించాడు, అంతే. కానీ చాలాసేపు దించలేదు.