ఉత్త హ్యాండిల్

చీకట్లో కూర్చుని టీవీ చూడటం అత్తగారికే చెల్లింది. కరెంటు పోయి గంటన్నర దాటింది, తెర నల్లగా ఉంది, అయినా ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, రిమోటు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తన మూలన కూర్చుంది. ఆరేళ్ళుగా చూస్తున్న సీరియల్‌కి ఆ రోజు ఆఖరి భాగం. సరిగ్గా ఏడున్నరకి. అందులో జైలుకెళ్ళొచ్చిన పెద్దకోడలు నగలు కాజేసింది ఎవరో అందరి ముందూ చెప్పబోతోంది. ఇన్నేళ్ళు ఓపిక పట్టినదాన్ని, ఈ పూటే వాన నా నోట్లో మట్టి కొట్టిందని ఆవిడ అప్పటికి నాలుగుసార్లు అంది.

వంటింట్లో కోడలు కొవ్వొత్తి వెలుగులో ఉల్లిపాయలు తరుగుతోంది. చేతులు పీట మీద, చెవులు మాత్రం అలమారలో పెట్టిన ఫోను మీద.

ఆమె భర్త లైన్‌మన్. ఏడుకి పది నిమిషాల ముందు ఫోను చేశాడు. వీధి మలుపులో చెట్టుకొమ్మ విరిగిపడి తీగ తెగిందట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకేశానని, తెగిన కొస లాగి కట్టుకుని నిచ్చెన ఎక్కుతానని చెప్పాడు. మరో మూడు చోట్ల కూడా తీగలు తెగడంతో జతగాడు అటు వెళ్ళాడు. ఇతనొక్కడే ఉన్నాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళయిన కొత్తలో కోడలు పట్టుబట్టి పెట్టించింది. స్తంభం ఎక్కే ముందు ఇంటికి ఒక మాట చెప్పాలి. దిగాక ఒక్క రింగు ఇచ్చి ఆపేయాలి. ఆ తర్వాతే వెళ్ళి ఫ్యూజు పెట్టాలి. ముందు రింగు, తర్వాత వెలుగు. పదకొండేళ్ళలో ఆ వరుస ఒక్కసారి కూడా తప్పలేదు. రింగు వచ్చేదాకా ఆమె కంచాలు పెట్టదు, ఎవరు ఎంత ఆకలన్నా సరే.

వాళ్ళ కాపురం మేడ మీద. మామగారు అప్పుడు పైన లేడు. ఆయన పాతకాలం టీవీ మెకానిక్. ఇప్పుడు పాడైన టీవీలు బాగుచేయించుకునేవాళ్ళు లేక చేతులు ఊరుకోవు, కింది గదిలో ఏదో ఒకటి విప్పి పరుస్తుంటాడు. చేతికందిన ప్రతిదానికీ తెల్ల టేపు అంటించి పేరు రాయడం ఆయనకో పిచ్చి. వంటింటి డబ్బాల్ని కూడా వదల్లేదు. 'ఉప్పు' అని రాసిన డబ్బాలో చక్కెర పోసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మబ్బు చూసి, ఆకాశం ఊడిపడ్డా నీ సీరియల్‌కి ఢోకా లేదు అని పెళ్ళానికి మాటిచ్చాడు. మీరు బాగుచేసిన మిక్సీ లాగానేనా అని ఆవిడ మూతి తిప్పుకుంది. ఆ మిక్సీ రెండు రోజులు తిరిగి, మూడో రోజు పచ్చిమిరపకాయలతో సహా మూత విసిరికొట్టింది.

ఏడూ ఇరవై తొమ్మిదికి టీవీ వెలిగింది.

సీరియల్ పాట హాల్లోంచి తన్నుకొచ్చింది. వంటింట్లో బల్బు వెలిగింది, ఫ్యాను కదిలింది. అత్తగారు సోఫాలోంచే కేకేసింది. "వాడు దిగాడే అమ్మాయ్. అన్నం వడ్డించెయ్, వస్తూనే కంచం ముందు కూలబడతాడు."

కోడలి గుండెల మీంచి బరువు దిగింది. కొవ్వొత్తి ఆర్పడానికి వంగి, వంగినది వంగినట్టే ఆగిపోయింది.

రింగు రాలేదు.

ఫోను తీసి చూసింది. మిస్డ్ కాల్ లేదు. సిగ్నల్ నిండుగా ఉంది. మర్చిపోయాడేమో అనుకోబోయింది. ఇంటి తాళాలు మర్చిపోతాడు, పెళ్ళిరోజు మర్చిపోతాడు, కానీ ఇది మర్చిపోడు. కిటికీ తెరిచింది. వాన జల్లు మొహాన కొట్టింది. మలుపు అవతల వీధంతా చీకటి. మలుపుకి ఇవతల ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి వీళ్ళది, రెండోది ఊరెళ్ళిన డాక్టరుగారిది, దానికి తాళం. ఆ తాళమేసిన ఇంటి గేటు మీద దీపం వెలుగుతోంది, మామూలుగా కాదు, నిద్ర చాలనట్టు ఎర్రగా. పైకి చూసింది. తన నెత్తి మీది ఫ్యాను కూడా ఈడ్చుకుంటూ తిరుగుతోంది.

అప్పుడు వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపించింది. వెనక సందులోంచి, రేకుల కింద ఎవరో గురక పెడుతున్నట్టు. దాంతో పాటు పెట్రోలు వాసన.

ఎవరో బాగుచేయమని పడేసిపోయి మళ్ళీ రాని చిన్న జెనరేటరు. ఢోకా లేదని మామగారు అన్నది దీని గురించే. రెండు కొసలకీ పిన్నులున్న వైరు ఒకటి తయారుచేసి, గోడ సాకెట్టులో గుచ్చి, ఇల్లంతటికీ కరెంటు ఎక్కించాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. జెనరేటరు కరెంటు వీధి తీగలోకి పాకకూడదని, దానికి ముందు మెయిన్ స్విచ్చు దించాలని ఆయనకి బాగా తెలుసు. దించే ఉంటాడు. కింద నడవలో ఎర్ర హ్యాండిల్, దాని మీద తెల్ల టేపు, ఆయన చేతిరాతతో 'మెయిన్'.

ఆ హ్యాండిల్ శనివారం నుంచి ఉత్తదే.

ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. కోడలు ఇంట్లోనే బ్రెడ్డు, బన్నులు కాల్చి రెండు దుకాణాలకి వేస్తుంది. కొత్త పెద్ద ఓవెన్ ఆ పాత స్విచ్చుకి మించిన బరువైంది. శనివారం పొద్దున అది వేడెక్కి నిప్పురవ్వలు రాల్చింది. అప్పటికి మూడొందల బన్నుల పిండి పొంగి కూర్చుంది. ఏదో ఒకటి చేయండి, పిండి పులిసిపోతుందని ఆమే మొగుడి వెంటపడింది. అతను స్విచ్చుని తప్పించి, వెనకనుంచి ఒక వైరు ముక్కతో నేరుగా కలిపేశాడు. ఆదివారం కొత్తది బిగిస్తా, నాన్నకి మాత్రం చెప్పకు, క్లాసు పీకుతాడు అన్నాడు. ఆదివారం డ్యూటీ పడింది. ఆమె చెప్పలేదు.

ఇప్పుడు ఆ వైరు ముక్కలోంచి మామగారి జెనరేటరు కరెంటు ఇల్లు దాటి, గేటు దీపాన్ని వెలిగించి, మలుపులో ఉన్న తెగిన కొసకి చేరింది. ఆ కొస దగ్గర ఆమె మొగుడు ఉన్నాడు. పని ముందు లైన్‌మన్లు వేసే చైనుతో తీగని నేలకి కలిపి ఉంటే, ఆ భారానికి జెనరేటరు ఈపాటికి ఆగిపోయేది. టీవీ ఆడుతోందంటే చైను వేయలేదన్నమాట. తీగ బతికే ఉంది. అది చచ్చిందన్న నమ్మకంతో అతను చెయ్యి చాపబోతున్నాడు.

ఫోను చేసింది. రింగవుతోంది. ఎత్తడు. ఎక్కేటప్పుడు ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో కింద పెడతాడు.

మెట్లు బయటినుంచి. దిగి, ఇల్లు చుట్టి, వెనక సందులోకి పోవాలంటే నిమిషం పైనే. వంటింటి కిటికీలోంచి మామయ్యా అని అరిచింది. వాన, ఇంజను, సీరియల్ పాట, మూడూ కలిసి ఆ అరుపుని మింగేశాయి. ఏమైందే అలా అరుస్తున్నావని అత్తగారు మాత్రం అడిగింది.

కోడలి చూపు ఓవెన్ మీద పడింది.

మెయిన్ స్విచ్చునే కాల్చిన ఓవెన్ అది. చారెడు ఇంజను దాన్ని మోయగలదా?

రెండడుగుల్లో వెళ్ళి గుండీ చివరిదాకా తిప్పింది. పై కాయిల్, కింది కాయిల్, రెండూ. కింద ఇంజను గొంతు మారింది, మూలగడం మొదలుపెట్టింది. బల్బు లోపలి తీగ ఎర్రటి దారంలా మిగిలింది. కానీ ఆరలేదు. కెటిల్ స్విచ్చు వేసింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు గుచ్చింది. స్నానాల గదిలోకి పరుగెత్తి గీజరు నొక్కింది. హాల్లో టీవీలోని పెద్దకోడలు వేలు చూపించి, "ఆ నగలు తీసింది ఎవరో కాదు" అని గొంతు పెంచింది. కింద ఇంజను రెండుసార్లు దగ్గింది.

ఇల్లంతా చీకటైపోయింది.

"ఓరి దేవుడా, పేరు చెప్పే టైముకే," అంది అత్తగారు.

కోడలు స్విచ్చులేవీ తియ్యలేదు. మామగారి సంగతి ఆమెకి తెలుసు, ఇంజను ఆగితే ఊరుకునే మనిషి కాదు. అనుకున్నట్టే కింద తాడు లాగిన చప్పుడు. బుర్రుమంది, బల్బు ఒక్క క్షణం ఎర్రబడింది, ఆరింది. మళ్ళీ తాడు. ఆ ఎర్ర వెలుగు మెరిసిన ప్రతిసారీ ఆమెకి నిచ్చెన మీది మనిషే కనబడ్డాడు. చెప్పులు లేకుండా మెట్లు దిగింది, చివరి రెండు జారింది, మోకాలు చెక్కుకుపోయింది. సందులోకి వెళ్ళేసరికి మామగారు మూడోసారి తాడు చుట్టుకుంటున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఓవెన్ వేశావా ఏంటమ్మా, పీక నొక్కినట్టు ఆగిపోయింది," అన్నాడాయన నవ్వుతూ.

"ఆయన తీగ మీద ఉన్నాడు మామయ్యా. లాగకండి."

"హ్యాండిల్ దించాకే పెట్టా. నాకు తెలీదా?"

"ఆ హ్యాండిల్ ఉత్తదే. శనివారం తప్పించేశారు. మీకు చెప్పలేదు."

ఆయన చేతిలో తాడు చూసుకున్నాడు. సాకెట్టు దగ్గరికి నడిచి పిన్ను పీకేశాడు. తర్వాత జెనరేటరు పక్కన తడి నేల మీదే కూర్చుండిపోయాడు. ఎంతసేపు నడిచిందని ఆమె అడిగింది. మూడు నిమిషాలో నాలుగో అన్నాడు. 

వానలో తడుస్తూ ఫోను రెండు అరచేతుల మధ్యా దాచుకుని నిలబడింది ఆమె. మలుపుదాకా పరుగెత్తాలని కాళ్ళు అంటున్నాయి. వెళ్తే ఏం కనిపిస్తుందోనని అవే కాళ్ళు కదలడం లేదు. పై నుంచి అత్తగారు ఏమైందని పిలుస్తోంది.  నిమిషం. రెండు. ఆమె గేటు గొళ్ళెం తీసింది.

ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది.

మామగారు తువ్వాలులో మొహం దాచుకున్నాడు.

మిగతా చోట్ల పని కూడా అయ్యాక, అరగంటకి అసలు కరెంటు వచ్చింది. వేసిన స్విచ్చులన్నీ ఒక్కసారే లేచాయి. ఓవెన్ ఉత్తి కడుపుతో ఎర్రగా కాలుతోంది, కెటిల్ బుసకొడుతోంది. ఆమె ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వచ్చింది. హాల్లో సీరియల్ అయిపోయి వాతావరణం వార్తలు వస్తున్నాయి. కోడలి మోకాలు, తన మొగుడి వాలకం చూసిన అత్తగారు దొంగ ఊసు ఎత్తకుండా టీవీ తనే కట్టేసింది.

అతను తడిసి ముద్దయి, హుషారుగా వచ్చాడు. ఆకలి దంచేస్తోందన్నాడు. అందరి మొహాలూ చూసి, ఏంటి, సీరియల్‌లో ఎవరైనా పోయారా అని నవ్వాడు.

కోడలు తువ్వాలు అందించింది. "తీగ ముట్టుకునే ముందు టెస్టరు పెట్టారా?"

"పెట్టకుండా ఎక్కుతానా. ఎక్కగానే పెట్టా. తర్వాత టేపు కిందపడితే దిగి, మళ్ళీ ఎక్కా."

"మళ్ళీ ఎక్కాక?"

అతను తల తుడుచుకోవడం ఆపాడు. "దిగింది నాలుగైదు నిమిషాలే కదా అని..."

"అప్పుడు టైమెంత?"

"తీగ పట్టుకునేసరికి ఏడున్నర దాటి నాలుగైదు నిమిషాలు అయ్యుంటుంది. ఎందుకు?"

"నేనేరా," అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. "జెనరేటరు పెట్టింది నేనే."

"మామయ్య ఒక్కరే కాదు. మనిద్దరం కూడా," అంది ఆమె.

అతను తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అక్కడ మసి తప్ప ఏమీ లేదు.  తర్వాత తువ్వాలు పక్కన పెట్టి, పనిసంచిలోంచి కొత్త మెయిన్ స్విచ్చు తీశాడు. ఆదివారం నుంచీ సంచిలోనే మోస్తున్నాడు దాన్ని, అట్టపెట్టె మూలలు కూడా నలిగిపోయాయి. తండ్రి టార్చి అందుకున్నాడు. ఇద్దరూ కిందికి దిగారు. క్లాసు పీకుతాడని వాళ్ళు భయపడ్డ మనిషి పల్లెత్తు మాట అనలేదు. తిట్టు నాన్నా అని కొడుకు ఒకసారి అనడం పైకి వినబడింది. జవాబుగా, టార్చి దగ్గరగా పట్టా, బిగించు అన్న మాటే వినబడింది.

మీటరు దగ్గర ఫ్యూజు తీశారు. ఇల్లు మళ్ళీ చీకటైంది. కోడలు కొవ్వొత్తి వెలిగించి, చల్లారిన కూర వేడిచేసుకుంటూ నిలబడింది. అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళలేదు.

పావుగంటకి ఫోను ఒక్కసారి మోగి ఆగింది. మెట్ల కింద ఉన్న మనిషి దగ్గరనుంచి.

తర్వాత వెలుగు వచ్చింది.

"ఇక కంచాలు పెట్టు," అంది అత్తగారు.