రెండున్నర మిల్లీమీటర్లు

రోగి దొర్లి కింద పడకుండా ఆసుపత్రి మంచానికి పక్కన కడ్డీల చట్రం ఉంటుంది కదా, దాన్ని పట్టి ఉంచే రేకు ఎంత మందం ఉండాలో తేల్చడం ఆమె పని. కంప్యూటరుకు మందం విషయంలో ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఇవ్వాలి. బరువు వీలైనంత తగ్గాలని లక్ష్యం చెప్పాలి. ఆపైన అది వందల కొలతలు వేసి చూసి, ఇదే మేలైనదని చెబుతుంది.

కింది హద్దు దగ్గర ఆమె రెండున్నర అని కొట్టింది.

అంతకు వారం ముందే వెల్డింగ్ షెడ్డులో బాబాయి చెప్పాడు. నాన్నకు స్వయానా తమ్ముడే అయినా, ఫ్యాక్టరీలో నలుగురి ముందు ఆయన్ని "వెల్డర్ గారూ" అని పిలిచేది మహాతల్లి.

"అమ్మడూ, నాలుగుకి తగ్గితే ఆ మూలలో రేకు మంటకి ఆగదు. అతుకు పక్కనే పల్చబడిపోద్ది," అన్నాడాయన. ఆమె ఊ కొట్టి ఊరుకుంది. నాలుగు పెడితే బరువేం తగ్గుతుంది? సమావేశంలో చూపించుకోడానికి ఏం మిగులుతుంది?

కంప్యూటరు సరిగ్గా రెండున్నరే ఇచ్చింది. జవాబు వచ్చి హద్దుకు అతుక్కుని కూర్చుందంటే, అది కంప్యూటరు తేల్చిన జవాబు కాదు, హద్దు పెట్టినవాళ్ళ జవాబు. పైగా అతుకులన్నీ పదిలమే అనుకుని లెక్క కట్టే ప్రోగ్రాము అది. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలిసే, సమావేశంలో "సాఫ్ట్‌వేర్ తేల్చిందండీ" అంది. చప్పట్లు కొడితే సిగ్గు లేకుండా నవ్వింది కూడా.

పరీక్షలో ఇసుక బస్తాలు వేలాడదీసేసరికి మూడు చట్రాలు అతుకు దగ్గరే చిట్లాయి.

"మీ లెక్కలో పొరపాటేం లేదు కదా?" అని మేనేజరు అడిగాడు. ఆమెకు నోరు పెగల్లేదు. లేదన్నట్టే తీసుకున్నాడాయన. "అయితే వెల్డింగే. రేపట్నుంచి ఆ అతుకులు వేసిన పెద్దాయన్ని ప్యాకింగ్‌లో వేయండి."

ఆమె షెడ్డుకు వెళ్ళేసరికి బాబాయి ముసుగు, చేతి తొడుగులు సంచిలో సర్దుకుంటున్నాడు.

"ఇన్నేళ్ళు మంట చూశాను కదమ్మా, కళ్ళు మసకేసుంటాయి. నాకే తెలీలేదు," అన్నాడు నెమ్మదిగా. "నీ మొదటి డిజైను పాడుచేశాను. ఏమనుకోకు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణాన భూమిలోకి దిగిపోగలిగితే దిగిపోయేదే.

"బాబాయ్, నాతో రా," అని చెయ్యి పట్టుకుని మేనేజరు గదికి లాక్కెళ్ళింది. హద్దులున్న పేజీ తెరిచి చూపించింది.

"ఈ రెండున్నర నేను పెట్టిందండీ, సాఫ్ట్‌వేర్ తేల్చింది కాదు. నాలుగుకి తగ్గొద్దని మా బాబాయి ముందే చెప్పాడు. బరువు తగ్గదని నేనే వినలేదు."

మేనేజరు ఆమె వంక, ఆ పెద్దాయన వంక చూశాడు. "మరి అడిగినప్పుడు చెప్పలేదేం?" అన్నాడు.

ఈసారైనా బాబాయి నాలుగు మాటలు అంటాడనుకుంది. కానీ ఆయన ముఖం విప్పారింది.

"అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!" అన్నాడు.

సంచిలోంచి ముసుగు తీసి, దాని అద్దం చొక్కా అంచుతో తుడుచుకుంటూ షెడ్డు వైపు నడిచాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆమె తలెత్తి ఆయన వంక చూడగలిగేది.