మూడోది కలపని అప్పం

అన్యాయం జరిగింది ఎవరికి? చర్చి వెనక గదిలో పూజకు అప్పాలు కాల్చే వదినకు. ఏమిటా అన్యాయం? ఆమె చేయని తప్పును, సొంత ఆడపడుచే చర్చి గుమ్మంలో నిలబడి, నలుగురి ఎదుటా ఆమె నెత్తిన రుద్దింది. ముందు ఇది తేల్చి చెప్పుకోవాలి. ఆమె భక్తిని గురించి మాట్లాడే అర్హత ఆ తరువాతే వస్తుంది.

క్రీస్తు శరీరంగా మారే ఆ అప్పంలో గోధుమపిండి, నీళ్ళు తప్ప మూడో వస్తువు పడకూడదు. జారుగా కలిపిన పిండిని రెండు ఇనుప పలకల మధ్య పోసి, బిగించి కాలుస్తారు. అంటుకోకుండా పలకలకు తేనెమైనం రాసి తుడిచేస్తారు. ఒకనాడు మైనం నిండుకుంటే, ఎవరు చూస్తారులెమ్మని, ఆమెకు తోడుగా పనిచేసే ఆడపడుచు వెన్న రాసింది. అప్పాలు పసుపెక్కి కమ్మటి వాసన వేశాయి. ఆ పూట పూజ ఆగిపోయింది.

“మా వదినే! రుచికోసం పిండిలో వెన్న కలిపింది,” అన్నది ఆడపడుచు.

ఫాదర్ గారు విచారించకుండానే వదినను పని మాన్పించి, అది ఆడపడుచుకు అప్పగించారు. భర్త మాత్రం ఇంటికొచ్చాక, “నాకు తెలుసులే. కానీ అది నా చెల్లెలు. ఇంటిగుట్టు బయట పెట్టకు,” అన్నాడు. ఆమె పెట్టలేదు. ఆ పగతో, పూజలో పంచే ఆ అప్పాన్ని సత్ప్రసాదంగా తీసుకోవడానికీ మనసొప్పక, పూజలో చివరి బెంచీకే పరిమితమైపోయింది. భర్త కాలం చేశాడు. జుట్టు నెరిసింది. పగ నెరవలేదు.

అయినా మధ్యాహ్నాలు ఆరాధనకు వచ్చి కూర్చునేది. ఆ వేళ చర్చిలో ఎవరూ ఉండరు. రంగుటద్దాల గుండా దిగిన ఎండ, బెంచీల మీదుగా నీళ్ళలా మెల్లగా పాకుతుంది. గోడ అవతలినుంచి కాలుతున్న పిండివాసన వస్తుంది. ఒకనాడు పీఠం మీద ఆరాధనకు నిలిపిన అప్పాన్ని, దివ్యసత్ప్రసాదాన్ని, చూస్తూ చూస్తూ ఆమె మగతలోకి జారింది. ఆ తెల్లని గుండ్రం పెరిగి పెరిగి చర్చినంతా నింపింది. అందులో గోధుమచేలు ఊగాయి, వాన చప్పుడు లేకుండా కురిసింది. తరువాత రెండు వేడి పలకలు మూసుకున్నాయి. మధ్యన నలుగుతున్నది తానో, ఆయనో తెలియలేదు.

“స్వామీ, నీలో ఏమున్నది?” అని అడిగింది.

తెలుపు మాత్రమే ఉన్నది. పిండి, నీళ్ళు, నిప్పు. దాచుకున్నది ఏదీ లేదు. తమ ఇంటి శాంతిలో మాత్రం అబద్ధం కలిసి ఉన్నదని, దానికే తాను ఇన్నాళ్ళూ ఓర్పు అని పేరు పెట్టుకున్నదని ఆమెకు అప్పుడు తెలిసింది. పగ ఎప్పుడు వదిలిందో తెలియదు కానీ, చేతులు తేలికయ్యాయి. లేచి, పక్క తలుపు తోసుకుని కాల్చేగదిలోకి నడిచింది.

“ఏం వదినా, దారి తప్పావా?”

“తెలిసే వచ్చానమ్మాయ్. ముందు ఆ మంట తగ్గించు, మాడుతోంది.”

“ఇంకా నా మీద కారాలూ మిరియాలూ నూరుతున్నావా?”

“నూరి నూరి రెక్కలు పడిపోయాయి. నిన్ను క్షమించేశాను.”

“మరింకేం! పాతవి తవ్వుకోవడం దేనికి?”

“క్షమించడం నా పని. నిజం చెప్పడం నీ పని. నీ వంతు కూడా నన్నే చెయ్యమంటావా?”

“సరే, చెప్తున్నాగా. వెన్న నేనే రాశాను. చాలా?”

“నాకు తెలిసింది నాకే చెప్తావేంటి? గుమ్మంలో అన్నావు, గుమ్మంలోనే చెప్పు.”

“ఈ వయసులో నా పరువు తీస్తావా?”

“నాది తీసినప్పుడు నాకెంత వయసుందే?”

ఆడపడుచు తల వంచుకుని మాడిన అప్పాన్ని గోకింది.

“పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా దీన్ని దాటేశాను వదినా,” అన్నది చివరికి. “ప్రతివారం సత్ప్రసాదం తీసుకుంటే నాలుక మీద రాయి పెట్టినట్టే ఉంటోంది.”

శనివారం ఇద్దరూ పాపసంకీర్తనం చేసుకున్నారు. ఆదివారం పూజకు ముందు, ఆడపడుచు గుమ్మంలో నిలబడి నోరు విప్పింది. గొంతు పీలగా వచ్చింది.

“వినపడట్లేదమ్మా, గట్టిగా!” అన్నాడు చెవిటి తాత.

“మా వదిన ఏ తప్పూ చెయ్యలేదు! వెన్న నేను రాశాను, నింద ఆవిడ మీద వేశాను! మా అన్నకీ తెలుసు!” అని ఆమె గుమ్మం దద్దరిల్లేలా అరిచింది.

ముసలి ఫాదర్ గారు చేతికర్ర మీద వాలి, “విచారించకుండా తీర్పు చెప్పాను. నా తప్పూ ఉంది. మన్నించమ్మా,” అన్నారు అందరూ వినేలా.

వదిన, “పరవాలేదు” అనలేదు. “ఇప్పటికి సరిపోయింది ఫాదర్,” అన్నది.

సత్ప్రసాదం వేళకు ఎవరూ కదలలేదు, ఆమెకోసం ఆగారు. ఆమె నడిచి వెళ్ళింది, వెనకే ఆడపడుచు.

“క్రీస్తు శరీరం.”

“ఆమెన్.”

ఆ ఉదయం, ఆ ఇంటి పాత ఋణం పూర్తిగా తీరింది.