ఆ ఏటి ఎర్ర వైన్

రెడ్ వైన్ నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసి, దాని గుణగణాలు నాలుగు వాక్యాల్లో రాయడం నా ఉద్యోగం. ఉమ్మినందుకు కూడా జీతాలిస్తారా అని మా తమ్ముడు ఎగతాళి చేస్తాడు. చేయనీ. వాడు చూసుకునే ద్రాక్షతోట వైన్ అమ్ముడుపోయేది నాలాంటివాళ్లు రాసే మాటల వల్లే.

ఆదివారం మధ్యాహ్నం వాడు అమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సంచిలోంచి దుమ్ముపట్టిన సీసా తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. దాని మీద సుద్దతో ఏడాది మాత్రం రాసి ఉంది. అది నాన్న పోయిన ఏడాది.

"ఇవి రెండొందల సీసాలున్నాయక్కా. ఇక అమ్మేద్దామనుకుంటున్నా. లేబుల్ మీదకి నాలుగు ముక్కలు రాసిపెట్టు."

"ఇంకెవరినైనా అడుగు."

"ఇంట్లో నిన్ను పెట్టుకుని ఇంకెవరినో అడగాలా? బాగుంది."

పన్నెండేళ్లుగా ఆ ఏటి వైన్ నాలుక మీద పెట్టలేదు. పాడైపోయి ఉంటే బాగుండునని కోరుకుంటూ గ్లాసులో పోశాను. పాడవలేదు. అంచున ఇటుక రంగు తిరిగింది. ముందు మాగిన నల్లపండ్ల వాసన, దాని వెనక పాత తోలు, పొగాకు. నోట్లో మెత్తగా పరుచుకుంది. వగరు నాలుకను పట్టుకుని ఎంతకీ వదల్లేదు. నా జన్మలో ఇంత మంచి వైన్ తాగలేదు. ఏడుపొచ్చింది. ఉమ్మడానికి మనసొప్పక మింగేశాను.

ఈ వైన్ తోడేశాకే నాన్న ద్రాక్ష పులియబెట్టే లోతైన తొట్టిలోకి దిగాడు. పులిసిన తొక్కలు అడుగున మిగిలిపోతాయి, మనిషి దిగి పారతో ఎత్తిపోయాలి. దిగేముందు వెలిగించిన కొవ్వొత్తిని తాడుతో లోపలికి దింపుతారు. అది ఆరిపోతే లోపల ఊపిరాడదని అర్థం. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నా ముక్కు గురించి చుట్టుపక్కల తోటలవాళ్లంతా గొప్పగా చెప్పుకునేవారు. నాకూ అది నెత్తికెక్కింది. తొట్టి అంచున వంగి వాసన చూసి, "ఏమీ లేదు నాన్నా, దిగు" అన్నాను. ద్రాక్ష పులిసేటప్పుడు పుట్టే విషపు గాలికి వాసన ఉండదు, అడుగునే పేరుకుని ఉంటుంది. అంత ముక్కున్నదాన్ని, ఆ సంగతే తెలుసుకోలేదు.

అప్పటినుంచి ఏ గ్లాసులో ముక్కు పెట్టినా తొట్టి అడుగున పార గీరుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. రెండుసార్లు గీరుకుంటుంది. ఆ తర్వాత ఏమీ వినిపించదు.

"మీ నాన్నకి మతిమరుపు," అంది అమ్మ సీసా వంక చూస్తూ. "కొవ్వొత్తి దింపకుండా దిగాడు. అంత నిర్లక్ష్యమైతే ఎలా?"

పన్నెండేళ్లుగా వచ్చేపోయేవాళ్లందరికీ ఇదే పాట. అది వింటూ పెరిగిన తమ్ముడు నాన్న మాటెత్తితే మొహం చిట్లిస్తాడు. నాకు అమ్మ మీద ఒళ్లు మండేది, కానీ నోరు పెగిలేది కాదు. ఈసారి ఆగలేకపోయాను.

"నాన్న మర్చిపోలేదు. నేనే దిగమన్నాను. వాసన చూసి ఏమీ లేదన్నాను. నేనే చంపానమ్మా."

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. నన్ను కాదు, అమ్మను చూశాడు. అమ్మ కదల్లేదు.

"తెలుసు," అంది. "తొట్టి మెట్ల పక్కన బట్టలారేస్తూ అంతా విన్నా. నువ్వు చెప్పగానే ఆయన నవ్వుతూ కొవ్వొత్తి ఊదేశాడు."

"మరి ఇన్నేళ్లూ నాన్నని ఎందుకు తిట్టిపోశావు?" అడిగాడు తమ్ముడు.

"ఇది తిండి మానేసి ఆ తొట్టి చుట్టూ తిరుగుతుంటే భయమేసిందిరా. తప్పు ఎవరో ఒకరి మీదకి నెట్టాలిగా. పోయినవాడు, పడతాడులే అనుకున్నా."

నేను అమ్మ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ వెనక్కి లాక్కుంది.

"నన్నేం ఓదార్చకు. నేనక్కడే ఉన్నానే. దిగొద్దని ఒక్క మాట నేనూ అనలేదు. నువ్వు చెప్పావుగా అని, బట్టలారేసుకుంటూ ఉండిపోయా."