కుక్కపిల్ల మెడకొలత

వరద నీళ్ళు బజారులోకి వచ్చి కుట్టుమిషన్ల కాళ్ళు తడిపిన ఏడాది అది. నీళ్ళు తీసిన వారానికి కట్టెల అడితిలో ఒక కుక్క దుంగల మధ్య పిల్లల్ని పెట్టింది. బతికి బట్టకట్టినవి రెండే. ఒకటి మగది, ఒకటి ఆడది. రెండూ గోధుమరంగే.

దర్జీకి అప్పటికే కళ్ళు మసక. మనుషులు పొగలో నడుస్తున్నట్టు కనిపించేవారు. అయినా కొట్టు మూయలేదు. కొలతలు అతని వేళ్ళు చూసుకునేవి, రంగులు భార్య చూసేది. "ఇది నలుపేనా?" అంటే "కాదు, ముదురు నీలం" అనేది. ఆ మాట మీదే దారం ఎక్కించేవాడు. ఒక్కనాడూ తప్పు పోలేదు.

కుక్కపిల్లను తెచ్చుకుందామని మనవరాలు పట్టుబట్టింది. ఏది తేవాలన్న దగ్గర మూడు రోజులు తగువు నడిచింది.

"ఆడది వద్దండీ," అంది భార్య. "ఏడాది తిరక్కుండా వీధిలో కుక్కలన్నీ మన గుమ్మంలోనే పడుంటాయి. పుట్టిన పిల్లల్ని ఎవరికి అంటగడతాం?"

"మగదైతే ఇంటిపట్టున ఉండదే. ఊరంతా తిరుగుడే," అన్నాడు దర్జీ.

"నువ్వూ మగాడివే కదా తాతా, గుమ్మం దాటవేం మరి?" అంది మనవరాలు.

నాలుగో రోజు పొద్దున ముగ్గురూ అడితికి వెళ్ళారు. దర్జీ రెండింటినీ ఒళ్ళో పెట్టుకున్నాడు. మగది కాసేపు చొక్కా గుండీ కొరికి దూకి పోయింది. ఆడది అతని బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

"ఇదే," అన్నాడు.

"సరే, మీ ఇష్టం. సాయంత్రం వచ్చి ఆడదాన్నే తీసుకెళ్దాం," అంది భార్య.

అతనికి ప్రాణం లేచొచ్చింది. టేపు మీద అంకెలు కనిపించవు కనక నూలుపోగు ఒకటి దాని మెడకు చుట్టి, కొలత దగ్గర ముడి వేసుకున్నాడు. మధ్యాహ్నమంతా కూచుని మెత్తటి గుడ్డతో పట్టీ కుట్టాడు.

సాయంత్రం భార్యా మనవరాలూ పిల్లను తెచ్చి అతని ఒళ్ళో వేశారు. పట్టీ చుట్టి చూస్తే గుండీ కాజాకు అందలేదు.

"పొద్దునేగా కొలిచాను?"

"ఎదిగే పిల్ల కదండీ."

"పూటలో వేలెడు ఎదిగిందా? మనం తెచ్చుకుంది కుక్కనా, ఏనుగునా?"

మనవరాలు కిసుక్కున నవ్వి, అంతలోనే నోరు నొక్కుకుంది. దర్జీ నిమురుతున్నట్టే చెయ్యి పిల్ల పొట్ట కిందికి పోనిచ్చాడు. తెలియాల్సింది తెలిసింది.

"ఏమే, ఇది ఆడదేనా?" అన్నాడు నెమ్మదిగా.

"ఆడదే. మీరు ఏరుకున్నదే."

గొంతు తడబడలేదు. ముదురు నీలం అని చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

"పట్టుకుని చూశానే," అన్నాడు. "ఆ పిల్ల ఏది?"

మనవరాలికి ఏడుపొచ్చింది. "అడితికొచ్చే లారీ అంకుల్ తీసుకెళ్ళిపోయాడు తాతా. నాయనమ్మే ఇచ్చేయమంది. నీకు చెప్తే ఒట్టు అంది."

"మీకెలాగూ కనపడదు కదా, ఏదైతేనేం అనుకున్నానండీ," అంది భార్య. "కుక్కే కదా!"

దర్జీ ఎదుటి బల్ల మీద సగం కుట్టిన చొక్కా ఉంది. దాని రంగేమిటో అతనికి ఆవిడ చెప్పిందే తెలుసు. ఆ చొక్కాను మడిచి పక్కన పెట్టాడు. మగపిల్ల ఆకలికి కుయ్యిమంటే పాలు తనే పోశాడు. దాని తప్పేముంది?

మర్నాడు పొద్దున ఆవిడ పొయ్యి దగ్గర ఉండగా చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. గోడలు తడుముకుంటూ, ఎదురైనవాళ్ళను అడుగుతూ కళ్ళాసుపత్రికి చేరాడు. ఆపరేషన్ చేయించుకోమని ఊరంతా రెండేళ్ళుగా పోరుతున్నా, మా ఆవిడ కళ్ళున్నాయిగా అని నవ్వి ఊరుకున్న మనిషి.

"తోడెవరొచ్చారు పెద్దాయనా?" అన్నాడు చీటీలు రాసేవాడు.

"ఎవరూ లేరు," అని చెయ్యి చాపాడు. "సంతకం ఎక్కడ పెట్టాలో నా వేలు పట్టి చూపించు బాబూ."