తుల్సీరాం బ్రేకులు

"తొక్కు... ఇగ పట్టు, వదలకు!"

కారు కింది నుంచి తుల్సీరాం గొంతు వినపడగానే హేమ్లి రెండు చేతులా స్టీరింగు పట్టుకుని బ్రేకు పెడలు మీద బలమంతా వేసింది. పెళ్లయి ఇన్నేళ్లయినా మొగుడు నడిపే కారులో డ్రైవరు సీట్లో కూర్చోవడం ఆమెకు ఇదే మొదటిసారి. ఆమె పెడలు అదిమినప్పుడల్లా చేతి గాజులు గలగలమని మోచేతుల దాకా జారుతున్నాయి. ముందు చక్రం దగ్గర మెకానిక్ పగిడయ్య చిన్న మర విప్పాడు. బ్రేకు ఆయిలు బుడగలు బుడగలుగా సీసాలోకి చిమ్మింది.

"గొట్టంల ఇంక గాలున్నది. మల్ల తొక్కు చెల్లే."

"కాలు గుంజుతాంది అన్నా. బర్రెపడ్డను అమ్మింది నేనే, తొక్కేది నేనేనా?"

పగిడయ్య నవ్వాడు. తుల్సీరాం నవ్వలేదు. ఆ పడ్డ వచ్చే ఏడు ఈనుతుందని, తండాలో ఇంటింటికీ పాలు పోయవచ్చని ఆమె ఎంత ఆశ పెట్టుకుందో అతనికి తెలుసు.

ఏన్కూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నాపరాయి మీద, కారు నుంచి విప్పిన పాత బ్రేకు డ్రమ్ములు రెండు బోర్లించి ఉన్నాయి. లోపలంతా కాలి, నీలం రంగు తిరిగి, పెనాల్లా ఉన్నాయి.

తుల్సీరాంకు నలభై ఐదు దాటాయి. పొట్టి మనిషి. చిన్నప్పటి నుంచి వెదురు లారీల మీద క్లీనరుగా తిరిగి, లోడు ఎత్తి ఎత్తి ఎడమ భుజం కొంచెం కిందికి వాలిపోయింది. లారీ తర్వాత కల్లూరు చెంచురామయ్య గారి అంబాసిడర్ నడపడం మొదలుపెట్టాడు. పొద్దున మొదటి బస్సుకు కల్లూరు పోయి కారు తీయడం, ఏన్కూరులో జనాన్ని ఎక్కించుకోవడం, అడవి దారిలో టేకులపల్లి పోయి రావడం, సాయంత్రం కారుతో పాటు కిరాయి డబ్బులు అప్పజెప్పి ఆఖరి బస్సుకు తండాకు చేరడం. ఇదే బతుకు. రోడ్డు మీద ఎదురుచూసేవాళ్లు "కారొచ్చింది" అనేవాళ్లు. తుల్సీరాం వచ్చిండని ఎవరూ అనలేదు. అందుకు అతను నొచ్చుకోనూ లేదు.

అతను నొచ్చుకున్నది బ్రేకుల దగ్గర.

అడవిలో దిగుడు మొదలైతే ముందు చక్రాల డ్రమ్ములు వేడెక్కేవి. వేడెక్కితే పట్టు పోయేది. పెడలు నేలకు ఆనినా కారు తన దారిన తాను దొర్లుకుంటూ పోయేది. ఆ మాట చెంచురామయ్యకు ఎన్నిసార్లు చెప్పాడో. "నిదానంగా నడుపు, అన్నీ పట్టుకుంటాయి" అని ఆయన జవాబు. ఆ నెలలోనే సీట్లకు ఎర్ర మఖమలు తొడుగులు కుట్టించాడు, టేప్ రికార్డరు పెట్టించాడు. పాటలు వింటూ లోయలోకి పోవచ్చు కాబోలు అనుకున్నాడు తుల్సీరాం.

పోయిన వానాకాలం జ్వరంతో కాలిపోతున్న జంపయ్య అనే ముసలాయనను టేకులపల్లి దవాఖానాకు తీసుకుపోతుంటే అదే జరిగింది. కారు దిగుడులో ఆగలేదు. వాగులోకి పోకుండా తుల్సీరాం బండను గుద్దించి ఆపాడు. ముందు సీట్లో కూర్చున్న జంపయ్య ఛాతీ నలిగింది. దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది. బ్రేకులు పట్టలేదని తుల్సీరాం పోలీసులతో చెప్పుకున్నాడు. డ్రైవరు తాగి ఉన్నాడని చెంచురామయ్య చెప్పాడు. పోలీసులు రెండో మాటే రాసుకుని తుల్సీరాంను జైల్లో పెట్టారు. ఇప్పసారా వాసన కూడా పడని మనిషిని తండాలోవాళ్లే అప్పటి నుంచి అదోలా చూడసాగారు. జైలు నుంచి విడిపించినందుకు అయిన ఖర్చును యజమాని జీతంలో పట్టుకున్నాడు.

ఖమ్మంలో తుక్కు అంగడికి ఇదే కారు కొత్త రకం ఒకటి వచ్చిందని పగిడయ్య చెప్పినప్పుడు తుల్సీరాంకు రాత్రంతా నిద్ర పట్టలేదు. దానికి వెనకభాగం నుజ్జయింది కానీ ముందు చక్రాల డిస్కు బ్రేకులు చెక్కు చెదరలేదు. పళ్లెం లాంటి ఇనుప చక్రాన్ని రెండువైపుల నుంచి పట్టుకునే బ్రేకులవి. గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి అంత తొందరగా వేడెక్కవు.

"కారు ఆయనది. పైసలు మనమెందుకు పెట్టాలె?" అని హేమ్లి అడిగింది.

"కారు ఆయనదే. దాన్ల కాలు నాది."

ఆమె పడ్డను అంగడికి తోలడానికి తాడు విప్పింది. ఆ డబ్బు డిస్కులకూ, వాటిని పట్టే దవడలకూ, కొత్త ప్యాడ్లకూ, రబ్బరు గొట్టాలకూ సరిపోయింది. పెడలును మెత్తబరిచే బూస్టరుకు మాత్రం చాలలేదు.

"బూస్టరు లేకుంటే కాలు గట్టిగ పెట్టాలె, గంతే," అన్నాడు పగిడయ్య. కూలి తర్వాత చూసుకుందామన్నాడు.

ఇప్పుడు సీసాలో బుడగలు ఆగిపోయాయి. హేమ్లి కాలి కింద పెడలు రాయిలా గట్టిపడింది.

"ఇగ పోతలేదు లోపలికి!" అని ఆమె అరిచింది. తుల్సీరాం కారు కింది నుంచి జరిగి బయటికి వచ్చి, మసి చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం కారు నిండా జనంతో టేకులపల్లి దారి పట్టాడు. మోదుగలు రాలిపోయి అడవి బోసిగా ఉంది. ఇప్పచెట్ల కింద నేల ఊడ్చి, రాలిన పువ్వు ఏరుతున్నారు ఆడవాళ్లు. దిగుడు మొదలైంది. ఎప్పుడూ ఇక్కడికి రాగానే తుల్సీరాం వెన్ను బిగుసుకునేది. ఇవాళ కూడా బిగుసుకుంది.

మలుపు తిరగ్గానే పక్క బాట నుంచి ఎడ్లబండి రోడ్డెక్కింది. బండి మీద ఇప్పపువ్వు గంపలు, వాటి పక్కన ఒక ముసలామె. తుల్సీరాం సీటు మీద నుంచి లేచినంత పని చేసి పెడలు తొక్కాడు. కారు ముక్కు నేలకు వంగింది. వెనక కూర్చున్నవాళ్లు ముందు సీటు మీద పడ్డారు. ఎడమకు గుంజలేదు, జారలేదు. ఎద్దు కొమ్ముకు చేరువలో నిలబడిపోయింది.

బండి మీద ఉన్నది ఎర్రమ్మ. జంపయ్య భార్య.

ఆమె మెల్లగా దిగి వచ్చింది. కారును చూసింది, తుల్సీరాంను చూసింది. అతను గబగబా దిగి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"గిప్పుడు ఆగింది," అంది ఎర్రమ్మ. "అప్పుడెందుకు ఆగలే?"

"బ్రేకులు మార్పించిన, అవ్వా. గియ్యాల్నే."

"మార్పిస్తే ఆగుతదన్నట్టు. నువ్వు తాగినవని చెప్పిండ్రు మాకు."

"తాగలే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత కారు ముక్కు మీద చేయి ఆనించి, వేడికి వెనక్కి తీసుకుంది. "మరి గీ పని ఆనాడే చేయిస్తే ఆ ముసలోనికి ఏమయ్యేది? దీని ఆసామి అన్నం తింటున్నడా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బండెక్కింది.

ఆ మాట తుల్సీరాం చెవుల్లో టేకులపల్లి దాకా మోగింది, తిరిగి వచ్చేటప్పుడూ మోగింది.

సాయంత్రం కల్లూరులో చెంచురామయ్య వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. తుల్సీరాం కిరాయి డబ్బులు బల్ల మీద పెట్టి, బ్రేకుల సంగతి చెప్పాడు. తిడతాడనుకున్నాడు. ఆయన లేచి వచ్చి, చక్రం సందులోంచి తొంగిచూసి, కళ్లు మెరిపించాడు.

"డిస్కు బ్రేకులే! పనికొచ్చే పని చేశావురా. పొద్దున్నే సత్తుపల్లి నుంచి బేరగాళ్లు వస్తున్నారు. దీన్ని అమ్మేస్తున్నా. ఇవి చూపిస్తే ఇంకాస్త ఎక్కువే పలుకుతుంది."

"అమ్ముతున్నరా సారూ?"

"జీపు తీసుకుంటున్నా. మా బావమరిది కొడుకు నడుపుతాడులే. నువ్వింకెక్కడన్నా చూసుకో."

"సారూ, అవి నా పైసలతోని..."

"నిన్నెవడు పెట్టమన్నాడు? నా కారుకు తగిలించింది నాదే అవుతుంది." ఆయన తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ కేసులో నిన్ను బయటికి తెచ్చింది ఎవరనుకున్నావు? ఆ విశ్వాసం ఉండాలి."

జంపయ్య పేరు కూడా ఈయనకు గుర్తుందో లేదో అనుకున్నాడు తుల్సీరాం. కేసు గుర్తుంది, విశ్వాసం గుర్తుంది. చెంచురామయ్య స్నానానికి లోపలికి పోయాడు. నీళ్ల చప్పుడు మొదలైంది.

తుల్సీరాం డిక్కీ తెరిచి జాకీ, పానాల మూట తీశాడు. పశువుల కొట్టం పక్కన పడి ఉన్న రెండు తుమ్మ దుంగలు దొర్లించుకొచ్చాడు. తొందర పడలేదు. ఒక చక్రం విప్పాడు, ఇంకొకటి విప్పాడు. పొద్దున పగిడయ్యతో కలిసి బిగించిన ప్రతి మరనూ వేళ్లు గుర్తుపట్టాయి. గొట్టం ఊడగానే బ్రేకు ఆయిలు గచ్చు మీదికి ధారగా కారింది. డిస్కులూ దవడలూ గోనెసంచిలో వేసి మూతి కట్టాడు.

చెంచురామయ్య తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి కేక పెట్టాడు. "ఏం చేస్తున్నావురా దొంగ వెధవా! పాతవి ఎక్కడ? పాతవి బిగించి పో!"

"పగిడయ్య షెడ్డు కాడున్నయ్," అన్నాడు తుల్సీరాం. గొంతు పెంచలేదు. "నా చేత్తోని ఎయ్య. మల్లెవర్ని సంపాలనుందో, ఆళ్ల కాలు పెట్టించి మీరే బిగించుకోండ్రి."

"పోలీసులకు చెప్తా!"

"చెప్పుండ్రి. ఈసారి తాగిండని చెప్పకుండ్రి, ఊరంత చూస్తాంది."

నిజంగానే గోడ అవతల ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. చెంచురామయ్య తువ్వాలు సరిచేసుకున్నాడు.

తుల్సీరాం కారు తాళంచెవి బల్ల మీద, కిరాయి డబ్బుల పక్కన పెట్టాడు. సంచి కుడి భుజానికి ఎత్తుకుని గేటు దాటాడు. బస్టాండులో ఏన్కూరు బస్సు ఇంజను ఆడుతూ ఉంది. ఆ తర్వాత కల్లూరు వీధుల్లో అతన్ని ఎవరూ చూడలేదు.

పొద్దున సత్తుపల్లి బేరగాళ్లు వచ్చేసరికి, అంబాసిడర్ రెండు తుమ్మ దుంగల మీద ముందుకు వాలి నిలబడి ఉంది. చక్రాలు ఉండాల్సిన చోట ఊడిన రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతూ, ఇంకా బొట్టు బొట్టుగా కారుతోంది.