గోడ తాగిన నూనె

నేను ఒక గీకుడు రేకును. కొత్త రంగు వేసే ముందు గోడ మీది పాత సున్నాన్ని, పెచ్చులను ఊడగీకేది నేనే. రంగు పూర్తయ్యాక "అబ్బ, ఎంత బాగుందో!" అని గోడను మెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. పెళ్లికూతురిని మెచ్చుకునేవాళ్లు నలుగు పెట్టిన చేతుల్ని తలుచుకుంటారా? ఇప్పుడు నాకు కోపం లేదు. ఒకప్పుడు మహా ఉండేది.

చీరాలలో ఒక కమ్మరి విరిగిన లారీ కమాన్‌కట్ట ఉక్కు ముక్కను కాల్చి, సాగగొట్టి, తుమ్మకర్ర పిడి బిగించి నన్ను చేశాడు. నా మొదటి యజమాని పుల్లయ్య మేస్త్రీ. "గోడ తిన్నదంతా కక్కించాకే రంగు ముట్టుకోవాలి" అనేది ఆయన మాట. గీకిన ప్రతిసారీ నా అంచును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. చెమ్మ వాసన, ఉప్పు వాసన, ఎలక చచ్చిన వాసన, అన్నీ నా అంచు మీదే ఆయనకు తెలిసేవి. చెయ్యి వణకడం మొదలయ్యాక నన్ను శిష్యుడు మస్తాన్‌కి ఇచ్చేశాడు. మస్తాన్ నన్నూ పుచ్చుకున్నాడు, ఆ వాసన చూసే అలవాటునూ పుచ్చుకున్నాడు.

మనుషులు ఇంట్లో ఏదీ పారేయరు, రంగు కింద దాస్తారు. గులాబీ రంగు కింద నీలం, నీలం కింద సున్నం, సున్నం కింద ఎవరో పసివాడు బొగ్గుతో గీసిన రైలు. అన్నీ చూశాను. భయపడింది మాత్రం ఒక్క గోడకే.

ఆ గోడ వజ్రమ్మగారింట్లో కింది గదిలో ఉంది. వజ్రమ్మకి యాభై అయిదేళ్లుంటాయి. ఆవిడ కూతురు హైమకి ఎనిమిదో నెల. మొదటి కాన్పు దక్కలేదు, ఈసారి మెట్లెక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. పురిటికి పుట్టింటికొస్తే ఉండడానికి ఉన్నది ఆ ఒక్క కింది గదే. హైమేమో ఆ గదిలో అడుగు పెట్టనంటోంది.

కారణం గోడ మీది మరక. నేల మీద కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తున ఆనుతుందో, సరిగ్గా అంత ఎత్తున, తలకాయంత మరక. వజ్రమ్మ అత్తగారు శేషమ్మ బతికినన్నాళ్లూ అక్కడే గోడకు తల ఆనించి కూర్చునేదట. ఆవిడ పోయి ఎనిమిదేళ్లు. మూడుసార్లు రంగులు వేయించారు. వేసిన నెలకే ఆ తల మళ్లీ పైకి తేలింది.

"బతికుండగా గోడకు తల ఆనించొద్దత్తా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పోయాక కూడా నామీద పంతం మానలా. నా బిడ్డకి గది లేకుండా చేస్తంది, మస్తానూ" అని వజ్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ముందోళ్లు మరక మీదే లప్పం పట్టించి రంగేసేశారమ్మా. నూనె ఊరుకుంటదా? కక్కిస్తా చూడండి" అన్నాడు మస్తాన్.

నన్ను మరక మీద ఆనించాడు. మిగతా గోడంతా చల్లగా ఉంది, అక్కడ మాత్రం వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు. రంగు వచ్చింది, లప్పం వచ్చింది, దాని కింద సున్నం జిడ్డుగా, ముద్దగా ఊడింది. మస్తాన్ వేడినీళ్లలో సోడా కలిపి కడిగాడు. నూనె పీల్చడానికి సుద్దముద్ద మందంగా పట్టించాడు. మర్నాడు దాన్ని ఒలిచి, గోడ పొడిగా, తెల్లగా ఉందని తడిమి చూసుకుని అన్నానికి వెళ్లాడు. నన్ను కిటికీలో పెట్టాడు, నా మొహం వీధి వైపు తిప్పి.

నా వెనక గదిలో ఏదో కదిలింది. గాజుల చప్పుడు, ఒక నిట్టూర్పు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

మస్తాన్ తిరిగొచ్చేసరికి తెల్లటి గోడ మీద తల ఉంది. తడిగా, నిగనిగలాడుతూ.

అతను "యా అల్లా" అని రెండడుగులు వెనక్కి వేశాడు. కిటికీలోంచి నన్ను అందుకున్నాడు. అయినా పుల్లయ్య శిష్యుడు కదా, గీకాడు. గీకి, అలవాటుగా నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత వజ్రమ్మను పిలిచాడు.

"మీ అత్తగారు తలకేం రాసేవోరమ్మా?"

"ఆముదం. ఇల్లంతా అదే కంపు."

"నిన్న లోపల్నించి గీకింది ఆముదమే. ఇయ్యాల పైన తేలింది కొబ్బరినూనె. పోయినోళ్లు నూనె మారుస్తారంటమ్మా?"

వజ్రమ్మ చెయ్యి మెల్లగా తన జడ మీదికి వెళ్లింది. వేళ్లకంటిన నూనె చూసుకుంది. ఎనిమిదేళ్లుగా అన్నం తిన్నాక ఒక్క క్షణం నడుం వాల్చుదామని తను ఎక్కడికి వెళ్తోందో, ఎక్కడ కూర్చుంటోందో ఆవిడకు అప్పుడు తెలిసింది. ముందు నవ్వింది. తర్వాత ఆ గోడ పక్కనే కూలబడి ఏడ్చింది.

"ఆవిడ పోయాక ఇంట్లో నాతో పోట్లాడే దిక్కే లేదు, మస్తానూ" అంది.

మస్తాన్ అక్కడి పూతంతా ఇటుక దాకా కొట్టేశాడు. మిగిలిన నూనె పైకి తేలకుండా లక్క పాలిష్ రెండుసార్లు పట్టించి, కొత్తగా పూత పూసి, ఆరాక లప్పం పెట్టి, లేత పసుపు రంగు వేశాడు. ఆ గది అటక అంచు గీకుతూ నన్ను అక్కడే మరిచిపోయాడు. వజ్రమ్మ ఆ గదిలో మళ్లీ కూర్చోలేదు. మరక తేలలేదు. హైమ వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. అటక మీద తుప్పు పడుతూనే నేను సంతోషించాను.

నిన్న మధ్యాహ్నం హైమ తలకు నూనె పెట్టుకుని, పిల్లను ఎత్తుకుని గదిలోకి వచ్చింది. మంచం ఉంది, కుర్చీ ఉంది. రెండింటినీ దాటి వెళ్లి నేల మీద కూర్చుంది. పిల్లకు పాలిస్తూ, కళ్లు మూసుకుని, గోడకు తల ఆనించింది. సరిగ్గా అక్కడే.

వజ్రమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "గోడకు తల..." అని మొదలుపెట్టింది. అంతలోనే ఆపి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.